కొలతమనిషి

నమోదు 1. తెప్పలు కట్టిన 39వ ఏడు, ఆశ్వయుజ శుద్ధ తదియ

ఈ రికార్డు పుస్తకం నా చేతికిస్తూ దయామణి మేడం చెప్పిన మొదటి మాట: ఇందులో ఏదీ చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే ఒక్క గీత గీయాలి, కింది అంకె కనపడేటట్టు. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం. ఇరవై రెండేళ్ళుగా ప్రతి బ్యాచికీ ఇదే చెబుతున్నారట. ఆమె మాట్లాడుతుంటే వెనక నిలబడ్డ సీనియర్లు అక్షరం పొల్లుపోకుండా పెదాలు కదిపారు.

నా పేరు లంకె నాంచారి. పదహారో తెప్ప. మెడికల్ లాబ్ సైన్సు మొదటి సంవత్సరం. సముద్రం మీద ఇరవై తెప్పలు గొలుసులతో కట్టుకుని బతుకుతున్న మా ఊరికి ఉన్నది ఒకటే విశ్వవిద్యాలయం, అందులో ఈ చదువుకి ఏటా ఆరు సీట్లు. నాకు సీటు మార్కుల వల్ల రాలేదు. మార్కులే చూసేట్టయితే నేనీపాటికి తెప్పల అడుగున గుల్లలు గీకుతుండేదాన్ని. మా అంకాలరావు మావయ్య కొలతమనిషి కాబట్టి వచ్చింది. కొలతమనిషి ఇంటికి ఒక సీటు, అది ఊరి కట్టుబాటు.

అమ్మ పోయిన తుపానులో నన్ను భుజాన వేసుకుని ఈదినవాడు మావయ్య. నాకప్పుడు నాలుగేళ్ళు. ఇప్పటికీ నన్నేమైనా అనాలంటే ఆ మాటే తెస్తాడు. "అప్పుడే ఇంత బరువున్నావే, ఎట్టా మోశానో ఆ గంగమ్మకే తెలియాల."

నమోదు 2. ఆశ్వయుజ బహుళ పంచమి

మొదటి ప్రాక్టికల్. యంత్రం లేకుండా చేత్తో హిమోగ్లోబిన్ చూడటం. యంత్రం ఉండగా ఇదెందుకని మస్తాన్‌వలి అడిగాడు. మా ఆరుగురిలో నోరున్నవాడు వాడొక్కడే. "పడవుందని ఈత మానేస్తామా?" అన్నారు మేడం.

మా యంత్రం సంగతి రాయాలి. దానంతట అదే ఏ రక్తాన్నీ చదవలేదు. రోజూ పొద్దున్నే ఒక మంచి రక్తం చూపించి, ఇది పద్నాలుగు పాయింట్ ఆరు, అని చెప్పాలి. దానితో పోల్చుకుని మిగతా నాలుగు వందల సీసాలూ చదువుతుంది. పూర్వం ఆ మంచి రక్తం ఒడ్డు నుంచి చల్లపెట్టె ఓడలో వచ్చేది. ఆ ఓడ ఆగిపోయేముందు, ఆఖరి సీసాతో పోల్చి, ఊరు మొత్తంలో గుండ్రాయిలాంటి మనిషిని ఒకణ్ణి ఎంచారు. నాలుగేళ్ళుగా మావయ్య రోజూ పొద్దున లాబుకొచ్చి రెండు మిల్లీలీటర్లు ఇచ్చి వెళతాడు. ఆ సీసా మీద పేరుండదు, కొలత అని ఉంటుంది. దాని పక్కన అచ్చు వేసిన అంకె, 14.6.

ఇక నా ప్రాక్టికల్. గీతలున్న సన్నటి గాజుగొట్టంలో ఆసిడ్ పోసి, పిపెట్‌తో కొంచెం రక్తం వదిలితే పది నిమిషాల్లో డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. పక్కనున్న గోధుమరంగు గాజుపలకతో రంగు కలిసేదాకా చుక్క చుక్క నీళ్ళు పోయాలి. కలిసినచోట ఏ గీత ఉంటే అదే అంకె. రక్తం ఎంత చిక్కగా ఉంటే అన్ని నీళ్ళు పడతాయి.

అందరికీ మావయ్య రక్తమే ఇచ్చారు. జవాబు ముందే తెలిసిన రక్తం అదొక్కటే మరి. నాకు 13.1 దగ్గరే రంగు కలిసిపోయింది. మళ్ళీ చేశాను. 13.1. మస్తాన్‌వలికి 13.0. ఇద్దరం మొహమొహాలు చూసుకుంటుంటే వెనకబల్ల సీనియర్ అక్క నవ్వింది.

"గీత దాకా నీళ్ళు పొయ్యండే. రంగు అదే సర్దుకుద్ది. కొత్త చేతులు, మా అందరికీ మొదట్లో అట్టాగే తక్కువొచ్చింది."

పోశాం. రంగు పలకకన్నా కాస్త పలచబడింది, అంతే. పట్టికలో 14.6 అని రాశాను. పదికి పది వేశారు.

ఇంటికెళ్ళి చెబితే మావయ్య పొంగిపోయాడు. "నా రక్తమేనా ఇచ్చింది? మరి పదికి పది రాకేం చేస్తది!" తన కంచంలో చేపముక్క తీసి నా కంచంలో వేశాడు.

నమోదు 31. 40వ ఏడు, జ్యేష్ఠ పౌర్ణమి

ఇవాళ ఊరి సభ. యంత్రం లెక్క ప్రకారం ఊరి రక్తం సగటు రెండేళ్ళలో ఒక గ్రాము పెరిగిందట. సముద్రపు గాలి మహిమ అని ఒకాయన, మా పాలన మహిమ అని ఇంకొకాయన. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా చదువుకు సంబంధించిన సంగతి కదా.

మా ఊళ్ళో మట్టి తక్కువ. తోటకూర, మునగాకు పెరిగేది మూడు తెప్పల మీదే. రక్తం తక్కువున్నవాళ్ళకు యంత్రమే ఆకు చీటీ రాస్తుంది. చీటీలు సగానికి తగ్గాయి కాబట్టి ఒక ఆకుతెప్పను వలలు ఎండేసుకోవడానికి ఇచ్చేశారు.

ఆ ఆకుతెప్పకు రోజూ నీళ్ళు పోసే వంతు నాదే గనక నాకు పని తగ్గింది. మావయ్యకు మాత్రం పని పెరిగినట్టుంది. ఆయన అసలు ఉద్యోగం పోటుకర్ర చదవడం, అంటే బురదలో పాతిన అంకెల కర్ర దగ్గరకు పడవేసుకుని వెళ్ళి నీటిమట్టం రాసుకురావడం. ఇదివరకు వెళ్ళొచ్చి కూడా ఇంటిపనికి చెయ్యేసేవాడు. ఇప్పుడు రాగానే గుమ్మంలో కూలబడుతున్నాడు. అన్నం రెండు ముద్దలు తిని కంచం నా వైపు తోస్తాడు. "చదువుకునే పిల్లవి, నువ్వు తినవే. నాకు కడుపు నిండిపోయింది."

నేను తింటున్నాను. ఆకలేస్తుంది మరి.

నమోదు 74. 41వ ఏడు, కార్తీక శుద్ధ సప్తమి

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు. తొమ్మిదో తెప్పలో యాభై మందికి చేత్తో చూసి, యంత్రం అంకెతో పోల్చాలి. పరీక్షకు ముందు గట్టెక్కాల్సిన ఆఖరి పని ఇది. పట్టా చేతికొస్తే లాబులో ఉద్యోగం, మావయ్య పోటుకర్ర పని మానేసి ఇంట్లో కూర్చోవచ్చు. ఈ మాట ఆయనతో అంటే, "నేనేం ముసలోణ్ణా?" అని కసిరాడు.

యాభై మందికి యాభై మందీ నా చేతికి తక్కువ వచ్చారు. యంత్రం 14 అన్నచోట నాకు పదిన్నర. యంత్రం 16 అన్నచోట పన్నెండు. మేడం చూసి, "పిపెట్ కొన తుడుస్తున్నావా?" అన్నారు. తుడుస్తున్నాను. "మళ్ళీ చెయ్యి."

నమోదు 75. కార్తీక పౌర్ణమి

మళ్ళీ చేశాను. అవే అంకెలు. మస్తాన్‌వలిని బతిమాలి వాడి చేత చేయించాను. వాడికీ అవే. యంత్రం చూసే ఇంజనీరుగారి దగ్గరికి వెళితే ఆయన రోజువారీ కాగితం చూపించాడు. "పొద్దున కొలత రక్తం పెట్టామా, 14.6 వచ్చిందా? వచ్చింది. యంత్రం నిప్పమ్మా. నీ చెయ్యే సరిలేదు."

రెండేళ్ళు చదివింది చెయ్యి సరిలేదనిపించుకోవడానికా అని ఒడ్డమ్మటే ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఒడ్డు అంటే తెప్ప అంచు. మాకున్న ఒడ్డు అదే.

నమోదు 76. కార్తీక బహుళ నవమి

ఇది వరసగా రాయాలి.

పొద్దున మావయ్యతో పడవెక్కాను, ఇంట్లో కూర్చుంటే ఏడుపొస్తుందని. తెడ్డు నేనే వేశాను. అరమైలు లేదు, ఆయన మూడుసార్లు ఆగమన్నాడు, ఎడమ డొక్క కింద చెయ్యి నొక్కిపట్టుకుని. పోటుకర్ర దగ్గర అంకె చూసి పలకమీద రాసి, మళ్ళీ కొట్టేసి, కర్ర మొదలు తడిమి చూశాడు.

"నెలరోజుల్నించి నీళ్ళు జానెడు పెరిగినట్టు చూపిస్తంది. సభలో అందరూ కంగారు పడతన్నారు. నీళ్ళు పెరగలేదే పిల్లా. కర్ర కుంగింది."

నేను తెడ్డు వదిలేశాను. అది నీళ్ళలో పడి కొట్టుకుపోతుంటే ఆయనే వంగి అందుకున్నాడు, తిట్టుకుంటూ, ఆయాసపడుతూ.

ఊరి రక్తం పెరగలేదు. యంత్రానికి రోజూ పొద్దున 14.6 అని చూపించే రక్తం తగ్గిపోతోంది. ఎంత తగ్గితే ఊరు అంత ఎక్కువ కనపడుతుంది. ఊరందరికీ జబ్బొస్తే యంత్రం పట్టుకుంటుంది, ఈయనకొస్తే పట్టుకోదు. ఈయనే కొలత కాబట్టి.

తిన్నగా లాబుకు తీసుకెళ్ళాను. వేలు గుచ్చాను. చేత్తో చూశాను. రంగు 10.9 దగ్గర కలిసిపోయింది. ఈసారి నీళ్ళు పొయ్యలేదు. ఇంకో చుక్క తీసి గాజుపలక మీద పరిచి స్లైడ్ చేశాను. ఆరేళ్ళలో కొలత రక్తానికి ఒక్కరూ స్లైడ్ చెయ్యలేదు. మంచి రక్తమని తెలిసినదాన్ని ఎవరు చూస్తారు?

గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు తోకలు సాగి ఉన్నాయి, ఒకటి రెండు కాదు, ఎక్కడ చూసినా. మూలుగలోనే ఉండాల్సిన పసికణాలు బయట తిరుగుతున్నాయి. మూలుగ ఎండి గట్టిపడితే ఇలా అవుతుందని రెండో సంవత్సరంలో చదివాను, ఎడమ డొక్కలో ప్లీహం పెరిగి కడుపును నొక్కుతుందని, రెండు ముద్దలకే నిండినట్టుంటుందని. ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులొచ్చాయి. తోకలున్న ఆ కణాలను పుస్తకం కన్నీటి బొట్లు అంటుంది. పేరు పెట్టినవాడి మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆయన స్టూలు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. అడిగాను. "ఎప్పట్నించి మావయ్యా?"

"ఏంది?"

"ఆయాసం. పక్కలో నొప్పి. అన్నం నాకు తొయ్యడం."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "రెండేళ్ళ పైనే అయిద్ది. అరవమాకే. నాకు జబ్బని తెలిస్తే కొలతమనిషిని మారుస్తారు. మారిస్తే నీ సీటు వాళ్ళింటికి పోద్ది. నీ పరీక్ష ఎన్నాళ్ళుంది?"

"పదకొండు రోజులు."

"మరి? రెండేళ్ళు ఆగినోణ్ణి పదకొండు రోజులు ఆగలేనా? నువ్వు రాసెయ్. తర్వాత నీ ఇష్టం, ఊరంతా దండోరా వేసుకో."

"ఈ పదకొండు రోజులూ ఊరందరికీ నీ రక్తంతోనే కొలుస్తారు. చీటీ రాక ఎంతమంది నీరసించి పోతున్నారో తెలుసా నీకు?"

"నాకు నువ్వు తెలుసు," అన్నాడు. "ఇంకెవరూ తెలవదు."

పదకొండు రోజులు కాదు, పదకొండు నిమిషాలు కూడా ఆగలేదు నేను. స్లైడ్ పట్టుకుని మేడం గదిలోకి వెళ్ళాను. వెనక నుంచి "నాంచారీ" అని పిలిచాడు, కోపంగా కాదు, చిన్నపిల్లను పిలిచినట్టు. వెనక్కి తిరిగితే ఆగిపోతానని తిరగలేదు.

మేడం మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను లోపల దాచిపెట్టి కాపలా కాసింది మనమే నాంచారీ." అద్దాలు పెట్టుకుని, "ఏటా ఆరుగురు ఈ రక్తాన్నే చేత్తో చూశారు. ఆరుగురూ 14.6 అని తెచ్చారు. నేను పదికి పది వేశాను," అన్నారు.

నా పుస్తకంలో రెండో నమోదు నాకు గుర్తుంది.

నమోదు 79. కార్తీక అమావాస్య

డాక్టరుగారు మావయ్యను చూశారు. అవతల నేల ఒడ్డుకు తీసుకెళ్ళి మూలుగ మార్పించవచ్చా అని అడిగాను. "రెండేళ్ళ కింద తెలిసుంటే ఏడాదికోసారి వచ్చే మందుల పడవలో పంపేవాళ్ళం. అప్పటికి ఒంట్లో సత్తువుంది. ఇప్పుడు తట్టుకోడమ్మా." ఆయన మామూలుగానే చెప్పారు, రోజూ ఇలాంటివి చెప్పే మనిషి.

రెండేళ్ళ కింద.

ఇంటికొచ్చి రెండో నమోదు తెరిచాను. 13.1 అని నేనే రాసుకున్నాను. మళ్ళీ చేశాను, 13.1, అని కూడా రాసుకున్నాను. దాని కిందే పట్టికలో 14.6, పక్కన మేడం ఎర్ర సిరాతో పది. నేను పట్టుకున్నానన్నమాట. మొదటి ప్రాక్టికల్‌లోనే, కొత్త చేత్తోనే పట్టుకున్నాను. పట్టుకుని వదిలేశాను.

నమోదు 80. మార్గశిర శుద్ధ విదియ

సీటు తీసేశారు. కట్టుబాటు కట్టుబాటేనట. మేడం సభకెళ్ళి గంటసేపు గొడవపడ్డారని మస్తాన్‌వలి చెప్పాడు. ఆమె గొంతు అంత పెద్దదని వాడికి ఇన్నాళ్ళూ తెలియదట.

సీటు లేకపోయినా పని ఉంది. యంత్రాన్ని ఆపేశారు. నాలుగు వేల మందికి చేత్తో చూడాలి. మేడం నన్ను పిలిపించి పిపెట్ చేతికిచ్చారు. ఆకుతెప్ప మీద వలలు తీసేసి మళ్ళీ మునగ నాటుతున్నారు.

మావయ్య నాతో మాట్లాడటం లేదు. ఏడు రోజులైంది. అన్నం పెడితే గోడవైపు తిరిగి తింటాడు. నన్ను తుపానులోంచి మోసుకొచ్చిన మనిషి, నేను గదిలోకి వస్తే కళ్ళు మూసుకుంటాడు. తిట్టినా బాగుండేది.

నమోదు 82. మార్గశిర శుద్ధ పంచమి

ఇవాళ నా పరీక్ష జరగాల్సిన రోజు. మిగతా అయిదుగురూ రాశారు. నేను పన్నెండో తెప్పలో వేళ్ళు గుచ్చుతూ ఉన్నాను. సాయంత్రం ఇంటికెళితే ఆయన మంచంలో లేచి కూర్చుని ఉన్నాడు, తల దువ్వుకుని.

"రాశావా?" అన్నాడు. పదిరోజుల తర్వాత మొదటి మాట.

సీటు పోయిందని ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. పోతుందని మాత్రమే కోపం. అందరం చెబితే ఏమవుతాడోనని ఎవరికి వాళ్ళం ఊరుకున్నట్టున్నాం.

"రాశాను మావయ్యా. మేడం మాట్లాడి సీటు నిలబెట్టారు."

ఆయన మొహం విప్పారింది. "చూశావా! నేననలా, ఆ మేడం మంచిదని?" ఎప్పుడూ అనలేదు.

ఈ పుస్తకంలో ఏదీ దాచకూడదు కాబట్టి రాస్తున్నాను. అబద్ధం చెప్పాను. దీని మీద గీత గీయను.

నమోదు 97. మాఘ శుద్ధ దశమి

పొద్దున పోటు తీసే వేళ. కిటికీ తియ్యమన్నాడు. తీశాను. మూడు రోజులుగా ఏమీ తినలేదు. డొక్క ఎడమవైపంతా రాయిలా ఉంది.

"ఇప్పుడు ఊరందర్నీ ఎవరితో కొలుస్తన్నారే?"

"ముగ్గుర్ని పెట్టారు. ఒకళ్ళనొకళ్ళు సరిచూస్తారు. వారం వారం నేను వాళ్ళకి చేత్తో చూస్తాను."

"ముగ్గురా!" అని నవ్వబోయాడు. "నేనొక్కణ్ణే ఆరేళ్ళు లాక్కొచ్చా." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "పరీక్షలో ఎన్నొచ్చినయ్యో చెప్పనే లేదు నువ్వు."

"పదికి పది."

"నా రక్తమేనా ఇచ్చింది?"

"నీదే మావయ్యా."

ఆయన నా చెయ్యి తీసుకుని, చూపుడువేలు కొన నొక్కి చూశాడు, నేను రోజూ జనం వేళ్ళు నొక్కినట్టే. "మంచి చెయ్యే ఇది," అన్నాడు. ఎండ మంచం మీదికొచ్చే వేళకు పోయాడు.

నమోదు 98. మాఘ బహుళ విదియ

ఇవాళ పనిలోకి వచ్చాను. ఫ్రిజ్‌లో కొలత అని రాసిన పాత సీసా ఒకటి అడుగున మిగిలిపోయి ఉంది. మస్తాన్‌వలి పారేయబోతే లాక్కున్నాను. తర్వాత నేనే పారేశాను. పాడైన రక్తం లాబులో ఉంచకూడదు.

ఇవాళ్టి మొదటి వేలు గుచ్చేముందు ఒక పని మిగిలింది. మేడం పక్కన నిలబడ్డారు, దిద్దుబాటుకు సాక్షి ఉండాలి కాబట్టి. పుస్తకం రెండో నమోదు దగ్గర తెరిచాను.

దిద్దుబాటు.
పాత అంకె: 14.6, ఒక గీత, కింద కనపడుతోంది.
సరైన అంకె: 13.1.
సంతకం: లంకె నాంచారి.
తేదీ: 41వ ఏడు, మాఘ బహుళ విదియ.
కారణం: కనపడింది రాయలేదు. నీళ్ళు పోశాను.